నీడకు గంటల లెక్క



నీట్ గురించి మాట్లాడిన ప్రతిసారీ మన విద్యార్థుల్లో ఎవరో ఒకరు ఈ మాట అంటున్నారు: "అన్నా, ఒక్క పరీక్షతో డాక్టర్‌ని తేల్చుడేంది? అమెరికాలో లెక్క మనిషిని మొత్తంగా చూసి సీటు ఇయ్యాలె."

వినడానికి బాగుంది. కానీ మొత్తంగా అంటే ఏమేం చూస్తారు? అందులో ఒక్కటి తీసుకుని ఈ రోజు మాట్లాడతాను. దాని పేరు షాడోయింగ్.

అమెరికాలో ముందు డిగ్రీ చదవాలి. ఎంక్యాట్ పరీక్ష రాయాలి. ఆ తర్వాత మెడికల్ కాలేజీలకు దరఖాస్తు. ఎక్కువ కాలేజీలకు ఆమ్‌కాస్ అనే ఒకే ఫారం ఉంటుంది. అందులో నువ్వు చేసిన పనులు, పొందిన అనుభవాలు 15 వరకు రాసుకోవచ్చు. ఒక్కోదానికి 700 అక్షరాలు. వాటిలో 3 అనుభవాలను ముఖ్యమైనవిగా ఎంచుకుంటే, వాటి గురించి ఇంకాస్త రాయొచ్చు. ఆ అనుభవాల రకాల్లో ఒకటి డాక్టర్ వెనకాల నిలబడి ఆయన పని చూడటం. రోగిని ముట్టుకోకూడదు, వైద్యం చేయకూడదు. ఊరికే నీడలా వెంట ఉండాలి. ఏ డాక్టర్, ఏ విభాగం, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఎన్ని గంటలు, అడిగితే చెప్పే మనిషి ఎవరు, ఇవన్నీ రాయాలి. ఇన్ని గంటలు ఉండి తీరాలని అన్ని కాలేజీలకూ ఒకే రూలు లేదు. కానీ ఆ గడి ఖాళీగా వదలడానికి ఏ పిల్లలూ సాహసించరు.

మా పెద్దమ్మ మనవడు న్యూజెర్సీలో పుట్టాడు. వాళ్ల నాన్న సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదివి, ఎంసీఏ చేసి, మాదాపూర్‌లో చిన్న కంపెనీలో చేరి, అక్కడి నుంచి హెచ్‌1బీ మీద వెళ్లాడు. పోయిన ఎండాకాలం సెలవులకు వచ్చిన పిల్లాడు నన్ను అడిగాడు, "మామా, మనకు తెలిసిన డాక్టర్లు ఉన్నారా?"

మైండ్‌స్పేస్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా అద్దాల ఆసుపత్రులే. వాటిలో మా చుట్టాలు నలుగురు పనిచేస్తున్నారు. ఒకరు సెక్యూరిటీ, ఒకరు అంబులెన్స్ డ్రైవర్, ఇద్దరు హౌస్‌కీపింగ్. ఏ గేటు ఎప్పుడు తెరుస్తారో మాకు తెలుసు. ఏ లిఫ్టులో శవం దిగుతుందో తెలుసు. కానీ "సార్, ఈ పిల్లాణ్ని వారం రోజులు మీ వెంట ఉండనివ్వండి" అని డాక్టర్ గదిలోకి పోయి అడిగే చనువు నలుగురిలో ఒక్కరికీ లేదు. అదే పిల్లాడి స్నేహితుడొకడు, పెద్ద కులం, అదే నెలలో ఇక్కడికి వచ్చి ఒక్క పెళ్లిలో ముగ్గురు డాక్టర్లను మాట్లాడుకున్నాడు. ఒకాయన బాబాయ్, ఒకాయన బాబాయ్ క్లాస్‌మేట్, ఇంకొకాయన ఊరివాడు. దీన్ని మనం పైరవీ అంటాం. ఫారంలో దాన్ని అనుభవం అంటారు.

మా వదిన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ శుభ్రం చేస్తుంది. పదకొండేళ్లయింది. ఇంకా కాంట్రాక్టే. రోజుకు ఎనిమిది గంటలు, ఏడాదికి 300 రోజులు వేసుకోండి, 26,400 గంటలు. మత్తు దిగేటప్పుడు వణికే మనిషి చెయ్యి పట్టుకున్న గంటలు అందులో ఉన్నాయి. బయట కూర్చున్న తల్లికి "బాగానే ఉన్నడమ్మా" అని చెప్పిన గంటలు ఉన్నాయి. అది షాడోయింగ్ కాదు, ఒప్పుకుంటాను. ఆమె కూలికి చేస్తోంది, డాక్టర్ కావడానికి కాదు. కానీ ఆసుపత్రిని అంత దగ్గరగా చూసిన ఇంటి పిల్లాడికి గడి నింపడానికి డాక్టర్ దొరకలేదంటే, ఆ గడి కొలుస్తున్నది దేన్ని?

నీడ అనే మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. పీష్వాల పాలనలో అంటరానివాడి నీడ హిందువు మీద పడకూడదని, ఆ హిందువు నడిచే దారిలోకే రానివ్వలేదని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో రాశారు. నీడ పడితే మైల అన్న మాట మన ఊళ్లలో మన తాతలు కూడా విన్నదే. ఇప్పుడు అదే నీడ అర్హతగా మారింది. ఎవరి నీడను ఎవరు వెంట రానిస్తారన్నది మాత్రం పెద్దగా మారలేదు.

ఈ "మొత్తం మనిషి" పద్ధతికి ఒక చరిత్ర ఉంది. 1920లలో హార్వర్డ్‌లో మార్కులతో యూదుల పిల్లలు ఎక్కువ సీట్లు తెచ్చుకుంటుంటే, అధ్యక్షుడు లోవెల్ వాళ్ల సంఖ్య తగ్గించాలని చూశాడు. చివరికి చదువుతో పాటు గుణగణాలు కూడా చూస్తామన్నారు. మార్కు కళ్లకు కనిపిస్తుంది, గుణం ఎవరు కొలుస్తారో వాళ్ల చేతిలో ఉంటుంది. ఆ తర్వాత ఇదే పద్ధతి నల్లజాతి పిల్లలకు కొంత దారి ఇచ్చిందన్నదీ నిజమే. కానీ డేవిస్‌లోని మెడికల్ కాలేజీ 100 సీట్లలో 16 పక్కన పెడితే, 1978లో బకీ కేసులో సుప్రీంకోర్టు అది చెల్లదంది. జాతిని ఒక అంశంగా చూడొచ్చన్న మిగిలిన వెసులుబాటునూ 2023 జూన్‌లో కొట్టేసింది.

అయితే నీట్ మంచిదా? కాదు. కోచింగ్‌కు లక్షలు పెట్టగలిగినవాళ్ల పరీక్ష అది. ప్లస్ టూలో 1200కి 1176 తెచ్చుకుని, నీట్ వల్ల సీటు రాక 2017లో ప్రాణం తీసుకున్న అరియలూరు దళిత బిడ్డ అనితను మరిచిపోయి నీట్‌ను పొగడలేను. కానీ ర్యాంకు జాబితా బయట ఉంటుంది. రిజర్వేషన్ సీట్లు లెక్కపెట్టుకోవచ్చు, తేడా వస్తే కోర్టుకు పోవచ్చు. "మీకు తెలిసిన డాక్టర్ ఎవరు" అన్న ప్రశ్న మీద ఏ కోర్టుకు పోతాం? మార్కుల నుంచి ముఖం చూసే పద్ధతికి పోతే ఏమవుతుందో ఎయిమ్స్ మీద 2007లో థొరాట్ కమిటీ ఇచ్చిన నివేదిక చదవండి. వైవాలో తమ కులం అడిగారని పిల్లలే చెప్పుకున్నారు.

డాక్టర్ వెంట తిరిగి చూడటం దండగ అని నేను అనడం లేదు. మన దేశంలో 2019లో వచ్చిన కొత్త ఎంబీబీఎస్ పాఠ్యక్రమం మొదటి ఏడాది నుంచే పిల్లల్ని రోగుల దగ్గరికి తీసుకుపోవాలంటోంది. అదే సరైన వరస. ముందు సీటు, తర్వాత నీడ. సీటుకు ముందే చూపించాలంటే అందరికీ చూపించండి. గౌలిదొడ్డి గురుకులంలో నీట్‌కు చదివే మన పిల్లలు ఈ ఐటీ కారిడార్‌లోనే ఉన్నారు. వాళ్లకు సర్కారు దవాఖానాల్లో వంతులవారీగా నాలుగు రోజులు చూసే ఏర్పాటు ప్రభుత్వమే చేయాలి, రిజిస్టర్ పెట్టాలి. విద్యార్థి సంఘాలు అడగాల్సిన డిమాండ్ ఇది.

మా మేనల్లుడు చివరికి ఒక బస్తీ దవాఖానాలో నిలబడ్డాడు. అక్కడి డాక్టరమ్మ గురుకులంలో చదివిన మన బిడ్డే. మొత్తం 46 గంటలు. జ్వరాలు, బీపీలు, షుగర్లు, మందు తీసుకోవడానికి పని మానుకుని వచ్చిన కూలీలు. గంటలు పెంచి రాస్తే బాగుంటుందని ఎవరో సలహా ఇచ్చారట. వద్దన్నాను. వాడు 46 అనే రాశాడు. అత్తమ్మ పని గురించి ఆ గడిలో రాయలేదు, అది వాడి అనుభవం కాదు కాబట్టి. తన గురించి రాసే వ్యాసంలో రాశాడు, ఆమెను అడిగి, ఆమె సరేనన్నాక.

అక్కడ దరఖాస్తు చేస్తున్న మన పిల్లలకు ఇదే చెబుతున్నా. పెద్ద ఆసుపత్రి పేరు కోసం ఎవరి కాళ్లూ పట్టుకోకండి. చూసింది చూసినంతే రాయండి. అమ్మానాన్నల పని దాచకండి. డాక్టర్లయిన మన అన్నలూ అక్కలూ, మీకొక మాట. ఏడాదికి ఇద్దరు మన పిల్లల్ని మీ వెంట రానివ్వండి. ఎవరి సిఫారసూ అడగకుండా.

జై భీమ్.