పుత్తూరు కొండలు, గాలిలో మాటలు

హామ్ రేడియో, అంటే లాభాపేక్ష లేకుండా ప్రభుత్వ లైసెన్సుతో సొంత వైర్‌లెస్ సెట్టు మీద మాట్లాడుకునే అభిరుచి, పరికరం కొనడంతో కాక, క్లబ్బులో అనుభవజ్ఞుల పక్కన కూర్చుని వినడంతో మొదలవుతుంది.

కేంద్ర టెలికాం శాఖ పరీక్షలో నెగ్గినవారికి ‘కాల్‌సైన్’, అనగా ప్రపంచంలో మరొకరికి ఉండని పిలుపు గుర్తు, దక్కుతుంది.

2004 డిసెంబరు సునామీలో ఫోన్లు మూగబోయినప్పుడు, హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున అప్పటికే పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ బృందం అండమాన్ కబుర్లను బయటి ప్రపంచానికి చేరవేసింది.

పుత్తూరులో హామ్ రేడియోకు చిక్కు కొండలతోనే.

144 నుంచి 146 మెగాహెర్ట్జ్ తరంగాలు దాదాపు తిన్నగా సాగుతాయి గనుక కొండ అడ్డొస్తే ఆగిపోతాయి. అందుకే బలహీనమైన సంకేతాన్ని అందుకొని, బలపరచి, వేరొక పౌనఃపున్యంపై తిరిగి పంపే ‘రిపీటర్’ను ఎత్తైన చోట నిలుపుతారు. షార్ట్‌వేవ్ మాత్రం పై వాతావరణంలోని అయనావరణం వల్ల కిందికి వంగి కొండల అవతల దిగుతుంది.

ఎముకల కట్టుకు పేరుపడిన ఊరు మాటల కట్టుకూ పేరు తెచ్చుకోకూడదని ఎక్కడా లేదు.

నగరి, నారాయణవనం వైపు కాల్‌సైన్ ఉన్నవారు తమ సంకేతం ఎంతవరకు అందుతున్నదో ఇక్కడ తెలిపితే, కొత్తవారికి దారి దొరుకుతుంది.