మొటిమలూ, మా ఇంటి వైద్యులూ

ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే డాక్టరు ఒక్కరే. మొటిమ వస్తే మాత్రం ఇంటిల్లిపాదీ డాక్టర్లే. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడు చదివేటప్పుడు ఈ సంగతి నాకు బాగా బోధపడింది.

మొదట నుదుటిమీద రెండు వచ్చాయి. ఆ వయసు పిల్లకు రాక మరెవరికి వస్తాయని వూరుకున్నాం. దసరానాటికి చెంపలూ, సంక్రాంతినాటికి గడ్డమూ, దవడలూ నిండిపోయాయి. ఇక చూడండి! "వేడి చేసిందే, ఆ ఆవకాయ మాన్పించు" అన్నారు మా అత్తగారు. పక్కింటి పిన్నిగారు వేరుసెనగ చట్నీమీద నేరం మోపారు. మా ఆడబిడ్డ ఫోనులోనే రోగం తేల్చేసింది: నుదుటిమీద వస్తే అజీర్ణమట, గడ్డంమీద వస్తే మలబద్ధకమట. ముఖాన్ని జిల్లాలుగా విడగొట్టి జిల్లాకొక అవయవాన్ని అంటగట్టే ఈ లెక్కకు వైద్యశాస్త్రంలో ఆధారం లేదని తరవాత తెలిసింది. అప్పటికి మాత్రం నాకది మహా శాస్త్రీయంగా తోచింది.

నేను అందరి మాటా విన్నాను. ఆవకాయ, పల్లీలు, గుడ్డు, నెయ్యి, వేపుళ్ళు, వేసవి రాగానే మామిడిపండు — ఒక్కొక్కటే మాన్పించుకుంటూ వచ్చాను. చివరికి పిల్ల కంచంలో మిగిలింది చారన్నమూ, మజ్జిగన్నమూ. కాఫీలో చక్కెరను గాని, చదువుకుంటూ నమిలే బిస్కట్లను గాని మాలో ఒక్కరూ అనుమానించలేదు. మూడు నెలల్లో నాలుగు కిలోలు తగ్గింది. మొటిమ ఒక్కటీ తగ్గలేదు.

ఇంతలో మా అన్నయ్యగారబ్బాయి పెళ్ళి వచ్చిపడింది. ఈ ముఖంతో నేను రానని పిల్ల భీష్మించుకుంది. వాళ్ళ నాన్న మందుల షాపుకు వెళ్ళి ఏదో ట్యూబు పట్టుకొచ్చారు. చెప్పొద్దూ, నాలుగు రోజుల్లో చెంపలు కడిగిన ముత్యాల్లా అయ్యాయి! పెళ్ళిలో నలుగురూ అడిగితే ఆ ట్యూబు పేరు నేనే రాసిచ్చాను కూడా. అది అయిపోయిన పది రోజులకు మొటిమలు రెట్టింపై, ముఖమంతా ఎర్రగా మండిపోయింది.

అప్పటికి గాని చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలని తోచలేదు. ఆవిడ ట్యూబు చూడగానే తల పట్టుకున్నారు. అందులో స్టెరాయిడ్ వుందట. అది ఎర్రదనాన్ని కొన్నాళ్ళు అణచిపెడుతుంది, చర్మాన్ని పలచన చేస్తుంది, మానగానే అంతకంత తిరగబెడుతుంది. ఇలాంటి క్రీములు చాలావాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని 2018లోనే కేంద్రప్రభుత్వం నిబంధన పెట్టింది. మావారిని చీటీ అడిగినవాళ్ళెవరు?

నేను గర్వంగా నా పథ్యం జాబితా అప్పజెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "తిన్న నూనె తిన్నగా చెంపమీదికి కారదండీ" అన్నారు. యౌవనంలో ఆండ్రోజన్ అనే హార్మోన్లు పెరిగి చర్మంలోని గ్రంథుల్లో నూనె ఎక్కువ వూరుతుంది. రంధ్రాలు మూసుకుపోతాయి, లోపల సూక్ష్మజీవులు పెరిగి వాస్తుంది. మరి తిండికి సంబంధం లేదా అంటే, బొత్తిగా లేదనీ కాదు. 1969లో అమెరికాలో 65 మందికి నాలుగు వారాలపాటు చాక్లెట్టు తినిపించి చూసి, ఏమీ తేడా లేదన్నారు. కాని పోల్చడానికి ఇచ్చిన ఉత్తుత్తి చాక్లెట్టులోనూ చక్కెరా కొవ్వూ దండిగానే వున్నాయని తరవాత ఆక్షేపణ వచ్చింది. 2007లో ఆస్ట్రేలియావారు 43 మంది కుర్రాళ్ళను రెండు జట్లు చేశారు. రక్తంలో చక్కెరను ఒక్కసారి పెంచని తిండి తిన్న జట్టుకు పన్నెండు వారాల్లో మొటిమలు ఎక్కువగా తగ్గాయి. అంటే మేము మాన్పించిన గుడ్డూ పల్లీలూ కాదు, మేము మిగిల్చిన తెల్లన్నమూ, చక్కెరా, బిస్కట్లూ చూసుకోవలసినవన్నమాట!

ఆ తరవాత ఆవిడ పిల్లవైపు తిరిగి, "నెలనెలా సరిగ్గా వస్తోందా అమ్మా?" అని అడిగారు.

అది నావైపు చూసింది. "రెండు నెలలకో, మూడు నెలలకో."

"ఎన్నాళ్ళనుంచి?"

"ఏడాదిపైనే అయింది."

పెద్దమనిషయి అయిదేళ్ళయిన పిల్ల. గడ్డంమీద మొలిచే వెంట్రుకలను స్నేహితురాలిచేత దారంతో తీయించుకుంటోందని కూడా ఆ గదిలోనే తెలిసింది. నాకు చెప్పలేదేమే అన్నాను. "చెబితే ఇంకేం మాన్పిస్తావో అని" అన్నది.

నేనేమీ మాట్లాడలేకపోయాను.

రక్తపరీక్షలు చేయించారు. పీసీఓఎస్ అన్నారు. మొటిమలొచ్చిన ప్రతి పిల్లకూ అది వుండదనీ, పెద్దమనిషయిన కొత్తలో నెలలు అటూ ఇటూ కావడం మామూలేననీ, మూడేళ్ళు దాటాక కూడా క్రమం లేకపోయినా, గడ్డంమీద వెంట్రుకలు కనిపించినా, మూడు నెలలు దాటినా చూపించి తీరాలనీ చెప్పారు. తిండి మరీ తగ్గిస్తే దానివల్ల కూడా నెల తప్పుతుందని చెబుతూ నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

ఇంటికి వచ్చి అత్తగారికి చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "మా రోజుల్లో మూడు రోజులు మూలన కూర్చోబెట్టేవాళ్ళు. పాడు ఆచారమే. కాని ఎవరికి నెల తప్పిందో ఇంటిల్లిపాదికీ తెలిసేది" అన్నారు. ఆ ఆచారం పోయినందుకు నాకు విచారం లేదు. దానితోపాటు అడిగే అలవాటు కూడా పోయిందని మాత్రం నేను గమనించుకోలేదు.

మందులు పనిచేయడానికి రెండు మూడు నెలలు పట్టింది. దవడమీద నాలుగు మచ్చలు వుండిపోయాయి. గుడ్డూ, పల్లీలూ, పప్పూ తిరిగి కంచంలోకి వచ్చాయి. బిస్కట్ల డబ్బా వెళ్ళిపోయింది, మావారికి అదొక్కటే దిగులు. మామిడిపండు మితంగా తినవచ్చన్నారు. నాన్నమ్మా మనుమరాలూ ఒక పండే చెరిసగం చేసుకుంటారు, టెంక ఎవరిదన్నదగ్గర రోజూ పేచీయే.

మా వంటింటి కాలెండరులో పాలలెక్క పక్కన, గ్యాసు బండ వచ్చిన తేదీ పక్కన ఇప్పుడు చిన్న ఎర్రచుక్క ఒకటి వుంటుంది. అమ్మాయే పెడుతుంది. మొన్న నేను పోపు వేస్తుంటే అత్తగారు కళ్ళజోడు సవరించుకుని కాలెండరు దగ్గర నిలబడ్డారు. "ఏమే, నాలుగు రోజులు దాటింది, దాన్ని అడిగావా?" అన్నారు.