విశ్రాంతి ఏ దేశంలో ఉంది?

ప్రతి నవంబరులో బ్యాంకుకు వెళ్ళి నేను బతికే ఉన్నానని చెప్పి రావాలి. లైఫ్ సర్టిఫికెట్ అంటారు దాన్ని. ఇదివరకు కాగితం ఉండేది, ఇప్పుడు వేలిముద్ర వచ్చింది. 2025 నవంబరులో వెళ్ళినప్పుడు ఆ చిన్న యంత్రం నా బొటనవేలిని మూడుసార్లు ఒప్పుకోలేదు. "గీతలు అరిగిపోయినాయమ్మా, వేరే వేలు పెట్టండి" అన్నాడు అక్కడి కుర్రాడు. ముప్ఫై ఏళ్ళు సుద్దముక్క పట్టిన వేళ్ళు, అంతకంటే ఎక్కువ ఏళ్ళు అంట్లు తోమిన వేళ్ళు. చివరికి ఉంగరపు వేలు పనికొచ్చింది. ఇంకో ఏడాదికి నేను బతికున్నట్టు లెక్క.

ఇంటికొచ్చేసరికి డల్లాస్ నుంచి మా అమ్మాయి ఫోను. "అమ్మా, గ్రీన్‌కార్డు కాగితాలు పంపినాను. సంతకాలు పెట్టి స్కాన్ చేయించు. ఆ పింఛనుతో ఒక్కదానివే ఎన్నాళ్ళు నెట్టుకొస్తావు? ఇక్కడికొచ్చి విశ్రాంతిగా ఉండు" అంది.

ఆ కాగితాలు ఇంకా నా బల్ల మీదే ఉన్నాయి. సంతకం ఎందుకు పెట్టలేకపోతున్నానో నాకు నేను చెప్పుకోడానికే ఇది రాస్తున్నాను.

మా గుంతకల్లులో పింఛను అనగానే రైల్వే పింఛనే గుర్తొస్తుంది. 1956లో ఇక్కడ రైల్వే డివిజన్ ఏర్పడింది. వాన నమ్ముకుని బతకలేని ఈ నేల మీద నెల మొదటి తేదీన తప్పకుండా వచ్చేది రైల్వే జీతం, దాని వెనక పింఛను. మా ఆయన గూడ్స్ గార్డు. 2006లో రిటైరయ్యారు, 2018లో పోయారు. ఆయన ఉన్నన్నాళ్ళూ చివరి జీతంలో సగం పింఛనుగా వచ్చేది. ఆయన పోయాక భార్యగా నాకు వచ్చేది 30 శాతం. ఒక మనిషి తగ్గితే ఖర్చు కూడా ఆ మేరకు తగ్గుతుందని ఈ లెక్క వేసినవాళ్ళు అనుకుని ఉంటారు. ఇల్లు నడిపిన ఆడదాన్ని ఎవరినైనా అడిగి ఉంటే చెప్పేది. మనిషి పోతే బియ్యం తగ్గుతాయి, కాఫీపొడి తగ్గుతుంది. కరెంటు బిల్లు, ఇంటిపన్ను, కారే పైకప్పు మాత్రం ఇద్దరున్నప్పుడు ఎంతో ఒక్కరున్నప్పుడూ అంతే.

ఇప్పుడు కరువు భత్యం కలుపుకుని నాకు నెలకు 21 వేల పైచిలుకు వస్తుంది. కరువు భత్యం! ఈ మాట ఎవరు పుట్టించారో గానీ అనంతపురం జిల్లా వాళ్ళకు రెండు విధాలా సరిపోతుంది. ధరలు పెరిగినందుకు ఇచ్చే ఆ భత్యాన్నే కోవిడ్ కాలంలో, 2020 జనవరి నుంచి 2021 జూన్ దాకా, పద్దెనిమిది నెలలు ఆపేశారు. ధరలు మాత్రం ఆగలేదు. 2023లో పైకప్పు వేయించడానికి తీసుకున్న అప్పుకు నెలకు ఆరు వేలు పోతుంది. మిగిలినదాంట్లో పాలు, గ్యాసు, తాగేనీళ్ళ క్యాన్లు, ఆటోలు, ఎవరింటి పెళ్ళికో పెట్టాల్సిన చీర. ఇరవయ్యో తేదీ దాటితే కూరగాయల బండి దగ్గర ధర అడిగి, కొనకుండా లోపలికి వచ్చేయడం అలవాటైంది.

ఇది భార్యగా నాకు వచ్చే పింఛను. నా సొంత పింఛను ఇంకొకటుంది. ఒక ప్రైవేటు బడిలో 1984 నుంచి 2014 దాకా పాఠాలు చెప్పాను. మొదటి పదిహేనేళ్ళు మాకు పి.ఎఫ్. కట్టలేదు. అడిగితే "మీకేం మేడమ్, సారుకు రైల్వే ఉద్యోగం ఉంది కదా" అనేవారు. ఆ తర్వాత కట్టినా మా జీతం ఎంతని! 58 నిండాక లెక్క చూస్తే వెయ్యి రూపాయలు కూడా రాలేదు. ఆ సంవత్సరమే, 2014 సెప్టెంబరులో, కేంద్రం ఈ పథకంలో కనీస పింఛను 1,000 అని నిర్ణయించడంతో నాది వెయ్యి అయింది. 2025లోనూ అంతే. దానికి కరువు భత్యం లేదు. ఎవరి పింఛనూ లేని వితంతువులకు రాష్ట్ర ప్రభుత్వం 2024 నుంచి నెలకు 4,000 ఇస్తోంది. అది ఎక్కువని నేను అనను. కానీ ముప్ఫై ఏళ్ళ నా చదువు చెప్పిన శ్రమకు వెయ్యి, ఒకరి భార్యనైనందుకు ఇరవై వేలు. ఈ రెండంకెలూ పాస్‌బుక్కులో ఒకదాని కింద ఒకటి పడినప్పుడల్లా నేను ఎవరినని ఈ దేశం అనుకుంటోందో తెలుస్తుంటుంది.

పాశ్చాత్య దేశాల్లో రిటైరైనవాళ్ళు ఖర్చులు తట్టుకోలేక చవకైన దేశాలకు వెళ్ళి స్థిరపడడం ఎప్పటి నుంచో ఉన్నదే. అమెరికన్లు మెక్సికోకు పోతారు, ఇంగ్లండు వాళ్ళు స్పెయిన్‌కు పోతారు. వాళ్ళ డబ్బు సరిహద్దు దాటితే పెరుగుతుంది. మన ప్రయాణం దానికి తలకిందులు. నా 21 వేలు డాలర్లలోకి మారితే రెండువందల యాభై కూడా కావు. ఇక్కడ అరకొరగానైనా ఇల్లు నడిపే డబ్బు అక్కడ చేతిఖర్చు అవుతుంది. ఇక్కడ ఇంటి యజమానురాలిని, అక్కడ కూతురింట్లో ఒక గది.

ఇక ఒంటి సంగతి. నాకు బి.పి., షుగరు ఉన్నాయి. ఇక్కడ రైల్వే కార్డు మీద రైల్వే ఆసుపత్రిలో చూపించుకుంటాను. ఆయన వదిలి వెళ్ళిన ఆస్తుల్లో నేను దాన్నే పెద్దదనుకుంటాను. ఆ కార్డు డల్లాస్‌లో పనిచేయదు. అమెరికాలో 65 దాటినవాళ్ళకు మెడికేర్ ఉంది గానీ, నాలా అక్కడ ఉద్యోగం చేయనివాళ్ళు గ్రీన్‌కార్డుతో వరుసగా ఐదేళ్ళు ఉంటేనే అందులో చేరగలరు, అదీ నెలనెలా డబ్బు కట్టి. ఇప్పుడు వెళితే నాకు అప్పటికి 75.

2013లో మనవరాలు పుట్టినప్పుడు వెళ్ళి ఆరు నెలలు ఉన్నాను. మూడో నెలలో దవడపన్ను సలుపు మొదలైంది. ప్రయాణానికి తీసుకున్న ఇన్సూరెన్సులో పళ్ళు లేవు. పీకించాలంటే ఎంతవుతుందో అల్లుడు కంప్యూటర్లో చూస్తుంటే విన్నాను. తగ్గిపోయిందని చెప్పి, లవంగం నొక్కిపెట్టుకుని మూడు నెలలు గడిపాను. గుంతకల్లులో దిగిన మర్నాడు పీకించుకున్నాను. ఇది మా అమ్మాయికి మొన్నటిదాకా తెలియదు.

ఆ ఆరు నెలలూ నేను చేసింది ఏమిటి? బాలింతకు పథ్యం, పసిదానికి నీళ్ళు, రాత్రుళ్ళు ఎత్తుకుని తిప్పడం, మూడు పూటలా వంట. 2016లో మనవడికి మళ్ళీ అదే. అమ్మాయిని తప్పుపట్టలేను. అమెరికాలో దేశమంతటికీ వర్తించే జీతంతో కూడిన ప్రసూతి సెలవు లేదు. 1993 నాటి చట్టం ఇచ్చేది పన్నెండు వారాలు, అదీ జీతం లేకుండా. తర్వాత పిల్లను శిశు సంరక్షణ కేంద్రంలో వేస్తే నెలకు వెయ్యి డాలర్ల పైమాటేనని అది అప్పట్లో అనేది. అంత ధనిక దేశం ఇవ్వని సెలవును నాలాంటి అమ్మమ్మలు, నానమ్మలు సూట్‌కేసులో సర్దుకుని తీసుకుపోతున్నారు. విజిటర్ వీసా మీద వెళితే ఉద్యోగం చేయకూడదు. ఇంట్లో చేసేదాన్ని ఉద్యోగమని ఎవరూ అనరు కాబట్టి మనం ఏ చట్టాన్నీ అతిక్రమించనట్టే.

ఈ మాట నాకు తట్టింది నా అంతట నేను కాదు. మా వెనక వీధిలో ఒకామె ఉంది. కడప వైపు నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చింది. భర్త పోయాక పద్నాలుగేళ్ళు కువైట్‌లో ఒక ఇంట్లో వంట, పిల్లల పని చేసి, ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేసి, మోకాళ్ళు పోగొట్టుకుని 2019లో తిరిగొచ్చింది. గ్రీన్‌కార్డు సంగతి చెబితే, "ఆడ ఏం చేస్తావు టీచరక్కా?" అంది. చెప్పాను. "నేనూ ఆ పనులే కదా చేసింది. నాకైతే నెలనెలా జీతమిస్తాండ్రి. నీకేమిస్తారు?" అంది.

ఇద్దరం నవ్వాం. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆమె కువైట్‌ను పొగడదు. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండేది, వారానికో సెలవు ఎరగదు, పద్నాలుగేళ్ళ చాకిరికి పింఛను లేదు. అయినా తను పనికి పోయానని ఆమెకు తెలుసు. కువైట్‌కు ఇంటిపనికి పోయే ఆడమనిషికి 30 ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వం నిబంధన పెట్టింది. అమెరికాకు ఇంటిపనికి పోయే అమ్మకు ఏ వయోపరిమితీ లేదు. నేను మాత్రం విశ్రాంతికి పోతున్నాననుకుంటూ రెండుసార్లు పోయి వచ్చాను.

ఇదంతా చదివి నేను ధైర్యవంతురాలిననుకోకండి. 2024 వర్షాకాలంలో ఒక తెల్లవారుజామున స్నానాలగదిలో జారిపడి, పాలావిడ వచ్చి తలుపు కొట్టేదాకా లేవలేకపోయాను. తడినేల మీద పడుకుని కాగితాలుంటే సంతకం పెట్టేసేదాన్నే. మనవరాలి గొంతు ఫోనులో మారిపోతోంది, నా ఎదుట ఎదగడం లేదన్న బాధా ఉంది. ఒంటరితనం గొప్పదని చెప్పే వయసు కాదు నాది.

అందుకే మొన్న అమ్మాయికి ఫోను చేసి మూడు విషయాలు చెప్పాను. వచ్చే ఎండాకాలం విజిటర్ వీసా మీద వస్తాను, చుట్టపుచూపుగా వస్తాను, వంట నీ మొగుడు, నువ్వు వంతులేసుకోండి అన్నాను. పన్ను సంగతి చెప్పాను. మూడోది చెప్పడానికి నోరు రాలేదు. పైకప్పు అప్పు తీరేదాకా నెలకు ఆరు వేలు పంపగలవా అని అడిగాను. ఆరు నెలలు చొప్పున రెండుసార్లు చాకిరి చేసేటప్పుడు నాకు సిగ్గనిపించలేదు. ఆరు వేలు అడగడానికి మాత్రం గొంతు వణికింది. అమ్మ ఇవ్వాలి గానీ అడగకూడదని మనకు ఎవరు నేర్పారో, ఎంత లోతుగా నేర్పారో!

అటువైపు చాలాసేపు మాట లేదు. తర్వాత ఏడుస్తూ, "పన్ను సంగతి అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా" అంది. డబ్బు పంపుతానంది. కాగితాలు మాత్రం పారేయొద్దంది. పారేయలేదు.

ఇంటి తాళంచెవి ఒకటి కువైట్ నుంచి వచ్చినామెకు ఇచ్చాను. పొద్దునా రాత్రీ వచ్చి చూసి పోతుంది. నెలకు పదిహేను వందలు ఇస్తున్నాను. మొదట వద్దంది. "జీతమిస్తేనే పని అని నువ్వే కదా చెప్పినావు" అన్నాను. తీసుకుంది. ఆమె శ్రమకు అది చాలదని ఇద్దరికీ తెలుసు. నా పాస్‌బుక్కులో అంతకంటే లేదని కూడా ఇద్దరికీ తెలుసు.