ఉత్తినే నడవడం

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా కాలేజీ పిల్లలు ఏడుగురు మా ఊరొచ్చారు. కొల్లేరు చూడాలని వాళ్ళ కోరిక. బోటెక్కి ఫొటోలు దిగి వెళ్ళిపోవడం కాదు, నడిచి చూద్దామన్నాను. మా పేట వెనక తమ్మిలేరు గట్టెక్కి, ఏటి వెంటే కొల్లేటి అంచు దాకా పోయి, చేపల చెరువుల గట్ల మీదుగా చుట్టు తిరిగి, మా శ్మశానం పక్కనుంచి మళ్ళీ పేటలోకి. తొమ్మిది కిలోమీటర్లుంటుంది.

మా అమ్మకు ఇది అర్థం కాలేదు. "గడ్డికా?" అంది. కాదన్నాను. "నత్తలకా?" కాదు. "మరి అంత దూరం ఉత్తినే నడుస్తారంటే?"

ఆమె నలభై ఏళ్ళు తిరిగిన చుట్టు అది. గట్టు మీద గేదెలకు గడ్డి, ఏటి మలుపులో చాపలకు తుంగ, మడుగు అంచున నత్తలు, నీళ్ళు తీశాక బురదలో మట్టగిడసలు, ఇంగిలాయిలు. నెత్తిన మోపో గంపో లేకుండా ఆ దారిన ఆమె ఇంటికొచ్చిన రోజు నేను చూళ్ళేదు. పదో తరగతి దాకా నేనూ ఆ మోపు వెనకే నడిచాను. తర్వాత పీహెచ్‌డీ కోసం ప్రకృతి వర్ణనలు బోలెడు చదివాను. ఏరుంటుంది, కొంగలుంటాయి, కలువలుంటాయి. గడ్డిమోపు మాత్రం కనపడదు.

పొద్దున ఆరున్నరకి బయల్దేరాం. మంచు ఇంకా విడలేదు. ఏట్లో సగం గుర్రపుడెక్కే. మలుపు దగ్గర కొంగలు వాలి ఉన్నాయి, ముక్కు మూసినా మధ్యలో సందు కనపడే రకం. మా పేటలో నత్తల కొంగలంటారు. ఒకమ్మాయి బైనాక్యులర్‌తో చూసి, "ఇవేం తింటాయి మేడమ్?" అంది. "మేం తినేదే" అన్నాను. నవ్వారు గానీ, నేను నవ్వడానికి చెప్పలేదు. కాసేపటికి ఆ బైనాక్యులర్ నా మెడలోకొచ్చింది.

ఏరు దాటితే పెద్ద సరస్సు కనిపిస్తుందనుకున్నారు పిల్లలు. కనిపించినవి చేపల చెరువులు, గట్లు, మేత బస్తాలు, రాగండి, బొచ్చె ఎత్తుకుపోయే లారీలు. 1970ల్లో కొల్లేటి జాలర్లకూ పేదలకూ సహకార సంఘాలు పెట్టి చెరువులిచ్చారు. పోను పోను కాగితంలో సంఘం పేరు మిగిలింది, చెరువు లీజుదారు చేతికి పోయింది. 1999లో సముద్రమట్టానికి ఐదడుగుల గీత లోపల 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ గుర్తింపొచ్చింది. 2006లో గట్లు పేల్చారు, పొక్లెయిన్లతో పడగొట్టారు. 2008లో శాసనసభ ఆ గీతను మూడడుగులకు దించాలని తీర్మానించింది. పడగొట్టిన గట్లు చాలా చోట్ల మళ్ళీ లేచాయి. పడగొట్టినప్పుడు మా పేటకు చెరువుల కూలి పోయింది. లేచినప్పుడు కూలి కొంత తిరిగొచ్చింది, నత్తల మడుగు మాత్రం రాలేదు. పక్షులు ఉండొద్దని నేననను. ఎవరి అభయం లెక్కలోనూ మా అమ్మ లేదంటున్నాను.

మూడో గట్టు మీద కావలివాడు ఎదురొచ్చాడు. రాత్రంతా మేలుకున్న కళ్ళు. పెద్ద కులం మనిషేమీ కాదు, జీతానికున్నాడు. నా మెడలో బైనాక్యులర్ చూసి, "పిట్టల కోసమాండీ మేడమ్ గారూ? జాగ్రత్తండి, గట్టు జారుద్ది" అన్నాడు. "ఏ ఊరండీ?" అని కూడా అడిగాడు. నేను కాలేజీ ఉన్న టౌను పేరు చెప్పాను. అబద్ధం కాదు. కానీ అరకిలోమీటరు దూరంలో మా ఇల్లుంది.

పావుగంట తర్వాత మా మేనల్లుడు వెనక్కి పరిగెత్తాడు, నీళ్ళ సీసా మర్చిపోయాడని. డిగ్రీ రెండో సంవత్సరం వాడు. ఎంతకీ రాకపోతే మేమే తిరిగెళ్ళాం. అదే మనిషి వాడి చొక్కా పట్టుకుని ఉన్నాడు. "ఏ పేట్రా నీది? చేపల కోసం కాకపోతే నీకిక్కడేం పని?" పొద్దున్నించీ వాడు మాతోనే ఉన్నాడు, గుంపులో కనపడలేదంతే. "మా పిల్లాడే" అన్నాను. వదిలేశాడు. "ముందే చెప్పొచ్చుగదండీ" అన్నాడు. నిజమే, ముందే చెప్పొచ్చు.

ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. కాలవ గట్లంటే నాకు చుండూరు. 1991 ఆగస్టు 6న మనవాళ్ళని పొలాలెంట తరిమి నరికారు, శవాలు తుంగభద్ర డ్రెయిన్‌లో దొరికాయి. అప్పటికి నాకు ఊహ తెలియదు, పెద్దవాళ్ళు చెప్తుంటే విన్నాను. ఆ భయం సగం. మిగతా సగం వట్టి సుఖం. "మేడమ్ గారూ" అన్న పిలుపు ఆ గట్టు మీద నాకు మొదటిసారి వినపడింది, దాన్ని పోగొట్టుకోబుద్ధి కాలేదు. క్లాసులో ఆత్మగౌరవం గురించి గంటసేపు చెప్పే మనిషిని నేను.

మిగతా దారంతా ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. శ్మశానం దగ్గర మా నాన్న సమాధి చూపించాను. చెరువు నీటి ఊటకి ఒక పక్కకి కుంగింది. మేనల్లుడు అప్పుడడిగాడు, "అత్తా, ఆ గట్టు అసలెవరిది?"

నాకు తెలియదు. అమ్మనడిగితే "మా చిన్నప్పుడు గట్టే లేదు" అంది.

సోమవారం వాడు తహసీల్దారు ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు ఇచ్చాడు. ఆ గట్టు సర్వే నంబరు, అది పోరంబోకా పట్టానా, శ్మశానం హద్దు ఎక్కడిదాకా. దరఖాస్తు నేనే రాశాను, కింద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి, పేట పేరుతో సహా. 30 రోజుల గడువు ఇంకా అయిపోలేదు.