ఝోలీ

మా చిన్నదానికి ఏడాదిన్నర. పదకొండు కిలోల బరువు. పెళ్లయిన తొమ్మిదేళ్లకు పుట్టింది. ఆ తొమ్మిదేళ్లూ అమ్మీ ఎక్కని దర్గా మెట్లు లేవు, దుపట్టా కొంగు చాపి అడగని దువా లేదు. ఇంట్లో అందరం గుడియా అని పిలుస్తాం.

మొన్న చలికాలంలో మా ఆవిడకి నడుములో డిస్క్ జరిగింది. మూడు నెలలు బరువు ఎత్తొద్దన్నాడు డాక్టర్. గుడియాకి ఆ సంగతి ఎట్లా సమ్‌ఝాయించాలి? పొద్దున లేస్తూనే రెండు చేతులూ చాపి "మమ్మా, గోదీ" అంటుంది. తను కాసేపు బొమ్మలతో బహలాయిస్తుంది. ఆ తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంటుంది. ఎందుకు తిరుగుతుందో నాకు తెలుసు.

నా డ్యూటీ సాయంత్రం నాలుగింటికి. అప్పటిదాకా బిడ్డ జిమ్మేదారీ నాది. ఒక చేత్తో చంకనెత్తుకుని ఇంకో చేత్తో వార్తలు టైపు చేశాను. వారానికే భుజం పట్టేసింది.

"చీరల కట్టుకో రే, మేం గట్లనే మోసినం" అంది అమ్మీ. చెల్లిని వీపున కట్టుకుని బావి నీళ్లు తోడిన మనిషి. ముందు చేతికి దొరికిన సిల్కులాంటి చీరతో చూశాం. ముడి నిలవలేదు. అప్పుడు సందూఖ్ తెరిచి పాత నారాయణపేట చీర తీసింది. నూలు కాబట్టి ముడి గట్టిగానే పట్టింది. కానీ చీర పన్నా ఎక్కువ. బట్టంతా భుజం మీద కుప్పైంది. అరగంటలో వదులైపోయి గుడియా నా నడుం దాకా జారింది.

ఆఫీసులో ఒక సాథీ తన పిల్లాణ్ణి మోసిన బట్ట ఇచ్చింది. జర్మనీ నుంచి వాళ్ల అక్క పంపిందట. అక్కడ ఎరికా హాఫ్‌మన్ అనే తల్లికి కవలలు పుడితే, మెక్సికో ఆడవాళ్లు వాడే రెబోజో అనే శాలువాలో కట్టుకుని మోసింది. 1972లో డిడిమోస్ పేరుతో అట్లాంటి బట్టల తిజారత్ మొదలుపెట్టింది. మన కూలితల్లులు ఏ పేరూ పెట్టకుండా చేస్తున్న పనే.

నాలుగున్నర మీటర్ల పొడవు, మూరన్నర వెడల్పు. కట్టుకోగానే ఫరఖ్ తెలిసింది. బరువు ఒక్క భుజం మీద పడలేదు. రెండు భుజాలకీ, నడుముకీ పంచుకుంది. దగ్గర పెట్టి చూస్తే జీన్స్ ప్యాంటు మీద ఉన్నట్టు ఏటవాలు గీతలు. మా ఉర్దూ మీడియం బళ్లో తానా బానా అన్నారు, తెలుగు డిగ్రీలో పడుగు పేక అన్నారు. మామూలు నేతలో పేక ఒక పడుగు పోగు మీంచి, ఒక పోగు కిందినుంచి పోతుంది. ఇందులో రెండు పోగుల మీంచి, రెండిటి కిందినుంచి, వరస వరసకీ ఒక్క పోగు పక్కకి జరుగుతూ పోతుంది. అందుకే ఏటవాలుగా లాగితే కాస్త సాగి, ఒంటికి అతుక్కుంటుంది.

అయితే అది అమానత్, తిరిగి ఇవ్వాలి. ఒక స్టోరీ పని మీద పోచంపల్లి వైపు పోయినప్పుడు ఒక నేతన్నకి దాని ఫోటో చూపించాను.

"గిట్ల నెయ్యాలంటే కాళ్ల కింద తొక్కేటివి నాలుగు కావాలె సార్. నా మగ్గానికి రెండే" అన్నాడు. కాసేపు ఆలోచించి, "దుప్పట్ల నూలు లావుగ ఉంటది. దాంతోని సాదాగ నేసిస్త. గట్టిగ కొడ్త, జారది" అన్నాడు.

నేసిచ్చాడు. జర్మనీ బట్టంత మెత్తగా లేదు, భుజం దగ్గర కొంచెం ఒరుసుకుంటుంది. కానీ గంటైనా వదులవలేదు. రెండు ఉతుకులయ్యాక ఇంకా నయమైంది.

కట్టడం తఖత్ మీద కూర్చుని నేర్చుకున్నాను. జారినా పరుపు మీదే పడాలి. బట్ట ఒక మోకాలి మడత నుంచి రెండో మోకాలి మడత దాకా పరుచుకోవాలి, మోకాళ్లు పిర్రల కంటే పైకుండాలి. బిడ్డ గడ్డం ఛాతీకి ఆనకూడదు, ముక్కూ నోరూ తెరిపిగా ఉండాలి. కట్టుకుని పొయ్యి దగ్గరికి పోవద్దు, బండి ఎక్కొద్దు.

ఒకరోజు వీపున గుడియాతో పాల పాకెట్‌కి బయల్దేరితే ఖాలా ఎదురొచ్చింది. "క్యా రే, ఫకీర్ జైసా! పేపర్ల పన్జేసేటోడివి, షరం లేదా?" అంది. సిగ్గేసిన మాట నిజమే. డిగ్రీలో తెలుగు సారు జోలె అంటే బిచ్చగాడి సంచి అని చెప్పినప్పుడు, ఇది మన ఝోలీయే కదా అనుకున్నాను. గల్లీలో ఆ సంచి నా వీపునే ఉంది.

అమ్మీ గడపలోనే ఉంది. "ఫకీర్లమే కదా ఆపా. తొమ్మిదేండ్లు ఝోలీ చాపినం. ఇచ్చినంక షరం కైకు?" అంది. ఖాలా మాట్లాడలేదు. గుడియా చెంప గిల్లి లోపలికి పోయింది.

మా ఆవిడ ఇవన్నీ మంచం మీంచి చూస్తూనే ఉంది. ఒక మధ్యాహ్నం మెల్లగా అడిగింది: "ఎత్తొద్దన్నాడు. కూర్చుంటే నాకు కట్టొచ్చా?"

డాక్టర్‌కి ఫోన్ చేశాను. గోడకి ఆనుకుని, లేవకుండా, నొప్పి రానంతసేపు అయితే పర్వాలేదన్నాడు. తఖత్ మీద దిండ్లు పేర్చి కూర్చోబెట్టాను. గుడియాని నేనే ఎత్తి తన ఛాతీకి ఆనించి, బట్ట ఇద్దరి చుట్టూ తిప్పి పక్కకి ముడేశాను. గుడియా మొదట తల ఎత్తి తల్లి ముఖం చూసింది. ఆ తర్వాత చెంప ఆనించి, చున్నీ అంచు పిడికిట్లో పట్టుకుంది. అయిదు నిమిషాల్లో నిద్రపోయింది.

మూడున్నరైంది. ముడి విప్పడానికి వంగాను.

"నక్కో," అంది తను కళ్లు తెరవకుండానే. "ఇంకాసేపు."

వాకిట్లోకి వచ్చి ఆఫీసుకి ఫోన్ చేసి, ఆలస్యమవుతుందని చెప్పాను.