సగం మాత్ర

మా అవ్వకు రోజూ మూడు మాత్రలు. బీపీకి ఒకటి, షుగరుకు ఒకటి, రాత్రి తొమ్మిదింటికి "చిన్న మాత్ర" ఒకటి. ఆ చిన్నదాని పేరు అల్ప్రజోలం అని పోయిన ఏడాది దాకా నాకు తెలియదు. కానీ ఎనిమిదో తరగతి నుంచి దాన్ని కొని తెచ్చింది నేనే.

తాత పోయిన కొత్తలో అవ్వ రాత్రంతా కూచునే ఉండేది. డాక్టరు పది రోజులకని రాసిచ్చాడు. ఆ పది రోజులు తొమ్మిదేళ్ళయ్యాయి. చీటీ మడతల దగ్గర చిరిగిపోయింది. అయినా పాత చాకలిపేటలో మా వీధి అంగడాయన నా మొహం చూసి ఇచ్చేసేవాడు.

పోయిన ఏడాది ఒక రాత్రి అవ్వ బాత్రూముకని లేచి, గడప తగిలి పడింది. మణికట్టు విరిగింది. ఏమేం మందులు వేసుకుంటారని ఆసుపత్రిలో అడిగితే అమ్మ బీపీ, షుగరు అని చెప్పింది. మూడోది ఎవరికీ గుర్తు రాలేదు. అది మాకు మందు కాదు, వక్కాకులాంటి అలవాటు. "నిద్రకేమైనా వేసుకుంటారా?" అని డాక్టరమ్మ మళ్ళీ అడిగాకే చెప్పాం. ఈ వయసులో ఆ మాత్ర వల్ల తూలి పడొచ్చని, మెల్లగా తగ్గించాలని, వచ్చే వారం రమ్మని చెప్పింది.

నాకు "తగ్గించాలి" అన్నది ఒక్కటే వినిపించింది. ఇంటికి రాగానే అట్ట తీసి నా కాలేజీ సంచిలో దాచేశాను. అవ్వ అడిగితే అయిపోయిందని అబద్ధం చెప్పాను. మూడో రాత్రికి అవ్వ చేతులు వణికాయి, జాకెట్టు చెమటతో తడిసిపోయింది. "మీ తాత తలుపు కొడుతున్నాడు, తియ్యవే" అంది. నాకు భయంతో నోట మాట రాలేదు.

డాక్టరమ్మ నన్నే కోప్పడింది. "ఫిట్స్ వచ్చుంటే ఏం చేసేదానివి?" అంది. తర్వాత విడమరిచి చెప్పింది. మెదడులో గాబా అనే రసాయనం నరాల ఉరుకును తగ్గిస్తుంది. ఈ మాత్ర దాని పనికి బలమిస్తుంది. ఏళ్ళ తరబడి వేసుకుంటే మెదడు ఆ బలానికి సర్దుకుపోతుంది. ఒక్కసారిగా మానేస్తే అదుపు తప్పుతుంది. అందుకే కొంచెం కొంచెంగా, నెలల తరబడి తగ్గించాలి.

ఆ తర్వాత నేనూ కొంత చదివాను. ఈ జాతి మందుల్ని బెంజోడయాజిపైన్లు అంటారు. ఇవి రెండు నుంచి నాలుగు వారాలు దాటకూడదని బ్రిటన్‌లో మందుల భద్రత కమిటీ 1988లోనే డాక్టర్లకు చెప్పింది. మన దేశంలో 2014 నుంచి అల్ప్రజోలం షెడ్యూల్ హెచ్1 కింద ఉంది. అమ్మినవాళ్ళు డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారో వేరే పుస్తకంలో రాసి మూడేళ్ళు దాచాలి. మా అవ్వ పేరు ఏ పుస్తకంలోనైనా ఉందో లేదో! నేనెప్పుడూ అడగలేదు.

డాక్టరమ్మ లెక్క ప్రకారం అవ్వ ఇప్పుడు సగం మాత్రలో ఉంది. రాత్రి రెండింటికి మెలకువ వస్తే నన్ను లేపుతుంది. తాత మిల్లు నుంచి తెచ్చే పకోడీ పొట్లం గురించి చెబుతుంది. ఆ కథ పది సార్లు విన్నాను. ఇన్నేళ్ళూ ఆ రెండు గంటలప్పుడు ఆమెను మేమెవరమూ పలకరించలేదు. పడుకుంటే చాలనుకున్నాం.

మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళ మాత్రల డబ్బా ఉంటుంది. ఒకసారి పేర్లు చదవండి. ఇలాంటిది కనబడితే నాలాగా దాచకండి, అట్టతో సహా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

నిన్న రాత్రి అవ్వ సగం మాత్ర అరచేతిలో పెట్టుకుని చూసి, "దీన్ని పావు ఎప్పుడు చేస్తావే?" అని అడిగింది.