గేరు పడని వారం

నా ఎడమకాలు చిన్నప్పుడే పోలియోతో చచ్చుబడింది. క్లచ్ తొక్కలేను. అందుకే పాతదైనా ఆటోమేటిక్ కారు కొనుక్కున్నాను. మాది హైదరాబాద్‌లో లాల్‌దర్వాజ. నాయినకు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆస్పత్రి చాంద్రాయణగుట్ట దాటాక. తీసుకెళ్లేది నేనే.

పొద్దున బండి బాగానే నడిచేది. వేడెక్కాకే తేడా. రెండు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు ఇంజిన్ గట్టిగా అరిచేది, వేగం పెరిగేది కాదు. ఆ వెంటనే వెనక నుంచి తన్నినట్టు గేరు పడేది.

సోమవారం మధ్యాహ్నం ఫలక్‌నుమా వంతెన ఎక్కుతున్నాం. మీటర్లో ‘ఓడీ ఆఫ్’ (ఓవర్‌డ్రైవ్ ఆఫ్) దీపం ఆరుతూ వెలగడం మొదలైంది. ట్రాఫిక్‌లో ఆగి మళ్లీ కదలబోతే బండి లాగలేదు. మూడో గేరులోనే ఉండిపోయిందని తర్వాత తెలిసింది. గేర్ బాక్స్‌లో లోపం కనబడితే, ఇంకా చెడకుండా కంప్యూటరే అలా ఒక్క గేరుకు కట్టేస్తుందట. బ్రేకు వదిలితే వెనక్కి జారింది. వెనక సిటీ బస్సు. నా చేతులు వణికాయి. కాలికి క్యాలిపర్‌తో ఆ రద్దీలో దిగి నిలబడలేను.

"బ్రేకు ఇడువకు బిడ్డా" అన్నాడు నాయిన. ఆయన గొంతు వణకడం విన్నాక నాకు ఇంకా భయమేసింది.

బస్సు కండక్టర్ దిగి వెనక బండ్లను ఆపారు. పండ్ల బండ్ల దగ్గరి పిల్లలు న్యూట్రల్‌లో పెట్టించి, కారును పట్టుకుని మెల్లగా కిందికి దించారు. ఒకాయన తాడు కట్టి లాగుదామన్నారు. వద్దన్నాను. ఇంజిన్ ఆగితే గేర్ బాక్స్‌లో ఆయిల్ పంపు తిరగదు. ముందు చక్రాలు నేల మీద దొర్లుతూ దూరం పోతే లోపలి భాగాలు ఆయిల్ లేక పాడవుతాయి. మొత్తం కారును ఎక్కించుకునే బండే రావాలి. ఈలోగా ఒక ఆటో డ్రైవర్ నాయినను ఆస్పత్రికి తీసుకెళ్లి, మిషన్ ఎక్కించేదాకా ఉండి, నాకు ఫోన్ చేశారు. కొడుకునుండగా నాయిన పరాయివాళ్ల చెయ్యి పట్టుకుని పోవాల్సి వచ్చిందని సిగ్గేసింది. ఆ వారమంతా ఆ ఆటో డ్రైవరే తీసుకెళ్లారు.

మంగళవారం ఒక గ్యారేజీవాళ్లు కాస్త నడిపి చూసి, గేర్ బాక్స్ మొత్తం మార్చాలన్నారు. చెప్పిన ఖర్చు ఆ కారు అమ్మితే వచ్చేదానికన్నా ఎక్కువ. ఆ రాత్రి నిద్ర లేదు.

గురువారం గల్లీవాళ్లు చెబితే యాకుత్‌పురాలో ఒక మెకానిక్ ఉస్తాద్ దగ్గరికి చేర్చాను. శుక్రవారం షెడ్డు బంద్ అని ఆ సాయంత్రమే చూశారు.

"విప్పుడు ఆఖరి పని. మొదలు బండి ఏం చెప్తదో ఇందాం."

ఇంజిన్ వేడి మీద తిరుగుతుండగా గేర్ బాక్స్ ఆయిల్ కొలిచే పుల్ల తీసి, ఆ ఆయిల్‌ను తెల్ల కాగితం మీద తుడిచారు. నల్లబడి మాడు వాసన వస్తే లోపల క్లచ్ ప్లేట్లు కాలినట్టట. మాది ఎర్రగానే ఉంది, వాసన లేదు, లోహపు పొడి లేదు. లెవెల్ సరిగ్గానే ఉంది. అప్పుడు స్కానర్ పెట్టారు. రెండు కోడ్‌లు వచ్చాయి. పి0700 అంటే గేర్ బాక్స్‌లో ఏదో ఉంది, వెతకమని మాత్రమే. రెండోది పి0753. గేరు మార్చడానికి ఆయిల్ దారిని తెరిచి మూసే చిన్న సొలినాయిడ్ వాల్వు కరెంటు సర్క్యూట్‌లో లోపం ఉందని దాని అర్థం. ఆయన తీగ వెంబడే వెళ్లారు. కనెక్టర్ పిన్నులకు చిలుం పట్టింది. ఇంజిన్ వేడికి తీగ తొడుగు పగిలింది. మీటరు పెట్టి తీగను కదిలిస్తే కరెంటు తెగిపోతోంది. చల్లగా ఉన్నప్పుడు అంటుకుని, వేడెక్కితే విడిపోతోంది.

తీగ మార్చి, పిన్నులు శుభ్రం చేసి, శనివారం నా పక్కన కూర్చుని అదే వంతెన ఎక్కించారు. ఎక్కుతున్నంతసేపూ నాకు చెమటలు పట్టాయి. దీపం వెలగలేదు. తీగకూ కూలికీ తప్ప ఇంకేమీ తీసుకోలేదు. ఇప్పటికీ ఆ ఎత్తు మీద నా కళ్లు ఆ దీపం మీదే ఉంటాయి.

మీ బండికీ ఇలా అయితే, గేర్ బాక్స్ విప్పుతామన్నవాళ్లను ముందు స్కానర్ పెట్టమనండి. వచ్చిన కోడ్ కాగితం మీద రాయించుకోండి. తీగలు, కనెక్టర్లు చూశాకే విప్పనివ్వండి.